మరదలి వేళాకోళం

చికాంగా, ముతారే,
జులై 14, ఆదివారం

ప్రియమైన శువాయి అక్కకి,

చెల్లెలు సెకాయి మన పద్ధతి ప్రకారం మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు చరిచి, మొక్కి రాస్తున్న ఉత్తరం. నువ్వక్కడ బాగుంటే మేమిక్కడ బాగున్నట్టే. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటా అనుకుంటావు. ఫోన్‌లో నేను రెండు మాటలు మాట్లాడేసరికి నువ్వు నా గొంతులో తేడా పట్టేస్తావు. అందుకే మీ ఆసుపత్రికే కొత్తగా వస్తున్న నర్సు చేతికి ఇది ఇస్తున్నాను.

ముందు కబుర్లు. జులై కదా, ఇక్కడ చలి ముదిరింది, పొద్దున్నే నీళ్ళలో చెయ్యి పెట్టలేకపోతున్నాం. నీ కూతురు మకనాకాకి వెనక పళ్ళు కూడా వచ్చేశాయి. మొక్కజొన్న సద్జా తనే ముద్ద చేసుకుని తింటోంది. వేరుశెనగ ముద్ద కలిపిన ఆకుకూరైతే గిన్నె నాకి మరీ ఇస్తుంది. నువ్వు ఆ దేశం వెళ్ళేనాటికి పాకే పిల్ల, ఇప్పుడు కోళ్ళ వెంట పడి తరుముతోంది. దీని దెబ్బకి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని బావ గోల.

ఇక అసలు సంగతి. బావకీ పిల్లకీ వీసా ఎందుకు రాలేదో ఆయన నీకు సరిగ్గా చెప్పలేదు. ఏవో కాగితాలు తక్కువయ్యాయన్నాడు కదా. కాగితాలన్నీ ఉన్నాయి. లేనిది నాకు బుద్ధి. నన్ను కాపాడటానికే ఆయన అలా చెప్పాడు.

ఆ రోజు బావ ఫోన్ ఇంట్లోనే మర్చిపోయి బడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళాడు. మోగితే తీశాను. అవతల ఎవరో మగమనిషి, తొంగాయికి మీరేమవుతారని అడిగాడు. బావ స్నేహితుడెవడో నన్ను ఏడిపిస్తున్నాడనుకుని, మనింట్లో ఎప్పుడూ అనుకునే మాటే అన్నాను: "ఆయన పెళ్ళాన్ని." మరి శువాయి ఎవరన్నాడు. "ఆవిడ పెద్ద పెళ్ళాం, ఊళ్ళో లేదు. ఇల్లూ మొగుడూ ఇప్పుడు నా చేతిలోనే ఉన్నాయి" అని నవ్వాను. అతను నవ్వలేదు. సరేనని పెట్టేశాడు.

అది వీసా ఆఫీసు ఫోన్ అక్కా. కొన్నాళ్ళకి జవాబు వచ్చింది. తొంగాయి ఇంకో భార్యతో కాపురం చేస్తున్నాడు కాబట్టి నీతో పెళ్ళి నమ్మేలా లేదట. తండ్రికి లేదు కనుక బిడ్డకీ లేదట.

బావామరదళ్ళు మొగుడూ పెళ్ళాల్లా ఆడుకునే చిరాము వేళాకోళం గురించి వాళ్ళకేం తెలుసు! నీ పెళ్ళినాడు నేను బావ కుర్చీలో కూర్చుని, నాకూ కొత్త బూట్లు కొంటేగానీ లేవనని మొండికేశానే, అప్పట్నుంచీ నేను ఆయనకి చిన్న పెళ్ళాన్నే కదా. "ఏమే చిన్న పెళ్ళామా, నా టీ ఏదే?" అనేవాడు. "పెద్దావిడ్ని అడుగు, నాకేమైనా జీతమిస్తున్నావా?" అనేదాన్ని. నువ్వే పడీ పడీ నవ్వేదానివి.

ఇప్పుడు బావ అలా పిలవడం లేదు. తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేది. "సెకాయీ, టీ ఉందా?" అని పేరు పెట్టి అడుగుతున్నాడు. సర్దిన పెట్టెలోంచి ఆయన తన బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ తాడు మీద వేస్తుంటే చూడలేక పెరట్లోకి పోయాను.

మేనత్త పల్లె నుంచి బస్సెక్కి వచ్చి మరీ చీవాట్లు పెట్టింది. "వాకిట్లో ఆడే సరసాలు వీసావాళ్ళతో ఆడతారుటే! నవ్వమని అర్థం వచ్చేలా నీకు సెకాయి అని పేరు పెట్టినవాళ్ళని అనాలి" అంది. తర్వాత తనే సద్జా వండి, నా ముందు పెట్టి, నేను తినేదాకా కదల్లేదు.

మన వీసా సంగతి చూసే వకీలు మాత్రం విని పకపకా నవ్వాడు. "మా మరదలు సంతలో అందరి ముందూ నన్ను మొగుడా అని కేకేస్తుంది. దానికెవరూ ఫోన్ చెయ్యలేదు, నా అదృష్టం" అన్నాడు. మళ్ళీ దరఖాస్తు పెట్టొచ్చట. ఇది మన ఆచారమని మేనత్తా, వేళాకోళానికే అన్నానని నేనూ ప్రమాణం చేసి సంతకాలు పెట్టాలట. రేపే వెళ్తున్నాం. ఈసారి తప్పకుండా వస్తుందన్నాడు.

నీ మొగుణ్ణీ బిడ్డనీ నీ దగ్గరికి చేరనివ్వనిది నేనేనక్కా. డ్యూటీ నుంచి వచ్చి ఆ ఖాళీ గదిలో నువ్వెలా ఉంటున్నావో తలుచుకుంటే తిండి సయించడం లేదు. క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు. ఒంట్లో జాగ్రత్త. ఉంటాను మరి.

నీ తెలివితక్కువ చెల్లెలు,
సెకాయి

తా.క. ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పాను. పైన ఒక అబద్ధం రాశాను. వీసా ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని అతను ముందే చెప్పాడు. ఆ పొద్దున, అక్కడి చలికని బావ తెచ్చిన ఉన్ని కోటు మకనాకాకి తొడిగి చూశాను. సరిగ్గా సరిపోయింది. పిల్ల నిజంగానే వెళ్ళిపోతుందని నాకప్పుడే తెలిసొచ్చింది. గుండీలు విప్పుతుంటే ఫోన్ మోగింది. తెలిసే అన్నానక్కా. బావ మీద ఆశతో కాదు, ఆ పాపం ఎరగను. నాకు పిల్ల కావాలి, అంతే. నిజం చెప్తే బావ నన్ను ఇంట్లో ఉండనివ్వడు. పిల్ల బయల్దేరేదాకా అయినా దాని దగ్గర ఉండాలని రేపు దొంగ ప్రమాణం చేస్తాను. నీకు మాత్రం అబద్ధం చెప్పలేను.

మొన్న వీడియోలో మకనాకా నిన్ను "చిన్నమ్మా" అంటే, పిల్లకింకా వరసలు తెలియవని నవ్వావు. దానికి తెలుసు. అలా పిలవమని నేనే నేర్పాను.