రెండో అచ్చు

పద్దెనిమిదో తేదీ, బుధవారం
దుకాణం వెనక గది

చిరంజీవి పిచ్చుకకు,

అన్నయ్య దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ వదినా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అక్క, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. రోజూ పద్దు రాసుకోవడం తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు. వరస తప్పితే సర్దుకుని చదువు.

నిన్న అక్క ఫోన్ చేసింది. నాతో మాట్లాడనన్నావట. రబ్బరు మీద నువ్వు కోసుకున్న పూల స్టాంపులు మాత్రం వెంటనే పంపమన్నావట. మీ ఇద్దరి మధ్యా కబుర్లు మోయడానికి నేనేమైనా పోస్టుమ్యాన్నా, ఒక ఇంట్లో పుట్టి ఇదేం చోద్యంరా అని నన్ను దులిపేసింది. పంపిస్తానని చెప్పాను. వాటికి సరిపడే గట్టి పెట్టె ఇంకా దొరకలేదు. పార్సిలు ఆఫీసులో కూడా ఈ వారం రద్దీగా ఉంది. రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది, ఏమీ అనుకోకు.

ఆ రోజు జరిగినదాని గురించి నా నోటితో చెప్పలేకపోయాను కాబట్టి రాస్తున్నాను.

నువ్వు అక్కను చూడ్డానికి వెళ్ళినప్పుడు, జిగురు డబ్బా కోసం వెనక గదిలోకి వచ్చాను. బల్ల మీద నువ్వు చేసిన కార్డులు దొంతరగా ఉన్నాయి. పైది తీసి చూశాను. రోజా పువ్వు ఉందా లేదా అన్నట్టుంది. రెండోదీ అంతే. అన్నీ అంతే. పక్కన బుట్టలో చిత్తుకాగితాల మీద మాత్రం అదే పువ్వు నిండుగా, ముచ్చటగా పడింది. నాకు నవ్వొచ్చింది కూడా. పిచ్చిపిల్ల, మంచివన్నీ చిత్తు మీద వేసి వెలిసిపోయినవన్నీ కార్డుల మీద వేసిందే అనుకున్నాను.

నా బుద్ధి ఎక్కడికి పోతుంది చెప్పు? పెళ్ళికి ముందు నుంచీ ఆఫీసులకు రబ్బరు సీళ్ళు కోస్తున్నవాణ్ణి. సీలు పలచగా పడితే ఆ కాగితం చెల్లదు. గుమస్తాలు మొహాన కొట్టి పంపేస్తారు. ప్యాడ్‌లో సిరా ఎండిపోయినా నువ్వు గమనించలేదనుకున్నాను. వాటినలాగే ఇస్తే, కార్డులు చేసిమ్మని అడిగిన ఆ ఆసుపత్రి నర్సమ్మ నిన్నేమైనా అంటుందని భయం వేసింది. ఎర్ర సిరా కొత్త సీసా విప్పి, నీ స్టాంపులతోనే, నీ పువ్వు మీద పువ్వు, రేకు మీద రేకు కలిసేలా ప్రతి కార్డు మీదా మళ్ళీ వేశాను. వెంట్రుకవాసి పక్కకి జరగలేదు. మీ వదిన గుమ్మంలో నిలబడి, దాన్ని ఒక్కమాట అడిగి చేస్తే మీ సొమ్మేం పోయింది అంది. వచ్చి చూసుకుని అదే మురిసిపోతుందిలే అన్నాను.

నువ్వు వచ్చావు. పైనుంచి ఒకటి తీశావు, అడుగునుంచి ఒకటి తీశావు. అన్నిటికీ వేసేశావా అన్నయ్యా అని అడిగావు. ఒక్కటి వదిలితే ఒట్టు అన్నాను. ఎంత గర్వంగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు తల ఎత్తలేకపోతున్నాను.

అప్పుడు చెప్పావు. సిరా అద్ది మొదట చిత్తుకాగితం మీద ఒత్తాలనీ, మళ్ళీ సిరా అద్దకుండా రెండో అచ్చు కార్డు మీద వేస్తేనే ఆ పలచదనం వస్తుందనీ. ఆ కార్డులు ఆసుపత్రి నుంచి మనిషి ఇంటికి తిరిగిరాని కుటుంబాలకనీ. పోయినవాళ్ళ ఇంటికి ఇంతింత ఎర్రపూలు పంపుతారా అన్నయ్యా అని అడిగావు.

తప్పయిపోయింది అంటే సరిపోయేది. నాకేం తెలుసు, నాతో చెప్పావా అని ఎదురు తిరిగాను. అన్నం తినేటప్పుడు చెప్పాను, నువ్వు ఊ అన్నావు కూడా అని గుర్తుచేశావు. నిజమే. ఊ అన్నట్టు నాకూ గుర్తుంది, దేనికన్నానో గుర్తులేదు. ఆ ఉక్రోషంలోనే, కనబడని అచ్చు కూడా ఒక అచ్చేనా, ఊరికే సిరా దండగ అనేశాను. నువ్వు సంచీ సర్దుకుని అక్క ఇంటికి బయల్దేరావు. మీ వదిన వెనకాల వీధి మలుపుదాకా వచ్చింది. నేను దుకాణంలో కూర్చుని ఎవరిదో సీలుకి పిడి బిగించాను.

సోమవారం నర్సమ్మ వచ్చింది. జరిగింది చెప్పి కార్డులు చూపించాను. తిడుతుందనుకున్నాను. ఒక కార్డు తీసి చూసి, బాగున్నాయండీ, పురుళ్ళ వార్డుకైతే కళ్ళకద్దుకుని తీసుకునేదాన్ని అంది. మా దగ్గర మనిషిని పోగొట్టుకుని ఇంటికెళ్ళినవాళ్ళు కొన్నాళ్ళు ఏదీ సూటిగా చూడలేరండీ, మీ చెల్లెలికి ఆ ఒక్క ముక్కే చెప్పాను, మర్నాడు ఆ లేతపువ్వు చేసి పట్టుకొచ్చింది, నేను మళ్ళీ ఒక్క మాట చెప్పాల్సిన పని లేకపోయింది అంది. ఎవరో తెలియని మనిషి ఒక్క ముక్కలో చెప్పింది నీకు అర్థమైంది. ఒకే కప్పు కింద ఉండి, నువ్వు చెప్పింది నాకు వినపడనైనా లేదు.

నెలాఖరు దాకా ఆగుతానంది. మీ చెల్లెలే చెయ్యాలండీ, ఇంకెవరిచేతా వద్దు అని రెండుసార్లు చెప్పి వెళ్ళింది. అందుకని కొత్త అట్ట తెప్పించాను. నువ్వు కోసే కొలతకే కోసి, మడతలు పెట్టి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచాను. వాటి మీద నేనేమీ వెయ్యలేదు. వెయ్యను కూడా.

నువ్వు వెళ్ళిన మర్నాడు ఒక్క చిత్తుకాగితం మీద మాత్రం, నువ్వు చెప్పినట్టు రెండో అచ్చు వేసి చూశాను. అద్దం మీద ఊపిరి పడ్డట్టు వచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. మీ వదిన వచ్చి, ఇప్పుడు కనబడిందా అంది. కనబడిందన్నాను. ఆ మాట చెప్పాల్సింది నాకు కాదు అంది.

అందుకే నీకు చెబుతున్నాను. కనబడింది.

అక్కకు నమస్కారాలు. పిల్లలకు ఆశీస్సులు. నువ్వు సరిగ్గా తింటున్నావో లేదో మీ వదిన కనుక్కోమంది.

ఇట్లు
నీ మేలు కోరి నీ పని పాడుచేసిన
అన్నయ్య

తా.క. ఉత్తరం కవరులో పెట్టి అంటించబోతుంటే, ఇంత రాసి ఆ సంగతి దాచితే ఎలా అని మీ వదిన లాక్కుంది. పెట్టె దొరకలేదన్నది అబద్ధం. పార్సిలు ఆఫీసుకి నేను వెళ్ళనేలేదు. పంపడానికి నీ పూల స్టాంపులే లేవు. ఆ చిత్తు మీద వేసి చూశాక, నేను అద్దిన ఎర్ర సిరా సన్నగీతల్లో గట్టిపడిపోతే, నువ్వు వచ్చేసరికి శుభ్రంగా ఉండాలని పళ్ళెంలో కిరసనాయిలు పోసి నానబెట్టాను. సీళ్ళనైతే కిరసనాయిలు గుడ్డతో తుడిచేస్తాను, వాటికేమీ కాదు. నీది మెత్తరబ్బరన్న సంగతి తట్టలేదు. బేరం వచ్చి అటు వెళ్ళి మరిచిపోయాను. వచ్చి చూస్తే అన్నీ ఉబ్బిపోయి రేకులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

అప్పటినుంచీ ఆ రోజాని మళ్ళీ కొయ్యడానికి చూస్తున్నాను. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా ఇంత పని వచ్చిందని చెప్పుకు తిరిగినవాణ్ణి, గీత ఎక్కడ ఆపాలో తెలియక కూర్చున్నాను. ఎన్నిసార్లు కోసినా పంచాయతీ సీలులాగే వస్తోంది. ఈ కాగితం వెనక వేసి పంపుతున్నాను. చూడు. చూస్తే తిట్టకుండా ఉండలేవు. తిట్టాలంటే నాతో మాట్లాడాలి కదా.