నర్సమ్మలు వదిలేసిన ప్రశ్న

చిట్టితల్లికి, నేను కులాసా.

మా ఆసుపత్రిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా గురించి నర్సులకు ఫారాలిచ్చారు. పోగుచేసే పని నాది. కనబడ్డ కాగితమల్లా చదవడం నా పుట్టుబుద్ధి కదా! జవాబులన్నీ ముత్యాల్లా ఉన్నాయి. "మీ పిల్లకు వేయించారా?" అన్నచోట మాత్రం అందరిదీ ఖాళీయే.

"ఇదేమిటమ్మా?" అంటే పెద్ద నర్సమ్మ కసిరింది. "నువ్వడిగేది మందు గురించా బాబాయ్, మా ఇంటి గురించా?"

నవ్వుకుంటూ ఇంటికొచ్చాక తట్టింది. నువ్వూ నర్సువే, నేనూ నిన్ను అడగలేదు. మీ అమ్మను తీసుకుపోయింది ఆ జబ్బే, అప్పటికి ఈ మందు లేదు. మనవరాలికి పధ్నాలుగో ఏడు నడుస్తోంది. పదిహేను నిండితే మూడు సూదులట, ఇప్పుడైతే రెండు చాలట. ఈ వారమే వేయించు.

అల్లుడి దగ్గు తగ్గిందా?

సూది నువ్వు వేయకమ్మా, ఆ పూటకు నువ్వు అమ్మవి. పక్క నర్సు చేత వేయించి, నువ్వు పిల్లను పట్టుకుని కూర్చో.

అందరికీ దీవెనలతో,
నాన్న