ఎవరికీ ఇవ్వని పెట్టె

రేపల్లె, గురువారం రాత్రి

నిన్న మధ్యాహ్నం బాబాయి షాపుకి ఫోనొచ్చింది. "కస్టమర్ తరఫున చేస్తున్న ఆటోమేటిక్ కాల్. శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె ఉందా? అద్దె ఎంత?" ఉందన్నాడు బాబాయి. ఎవరు పోయారమ్మా అని అడిగేలోపే కట్టయింది.

చావింటికి ఉందని చెప్పాక బాబాయి ఉన్న ఆ ఒక్క పెట్టె ఇంకొకరికి ఇవ్వడు. పెనుమూడి నుంచి ఒకాయన వచ్చి, "మా చెల్లి వచ్చేదాకా అమ్మని ఉంచాలండి" అని బతిమాలినా పంపేశాడు. ఫోను వాళ్లు రానేలేదు. బాపట్లలో, తెనాల్లో కూడా అదే గొంతు అద్దెలు కనుక్కుందట.

ఎండకి శవం ఆగదని పెనుమూడి వాళ్లు ఇవాళ పొద్దున్నే సమాధి చేసేశారు. చెల్లెలు ఆ తర్వాత బస్సు దిగింది.

"మెషీన్‌కి మాటిస్తావా బాబాయ్?" అని అరిచాను.

"పోయింది మనిషే కదరా" అన్నాడు.

ఇలా మెషీన్లతో ఫోన్లు చేయించే కంపెనీల మీద కరపత్రం రాద్దామని కూర్చున్నాను. ఆ చెల్లెలికి ఏం చెప్పాలో అందులో ఎక్కడ రాయను...