వెలిసిపోయిన ‘ళ’

జమ్మలమడుగు

ప్రియమైన సుస్మితకు,

అవ్వ రాయునది. ఫోను చేయొద్దు, ఫోనులో మాట మారుస్తావు. రాసి పంపు.

ఆదివారం నేను ఆరాధనకు పోయి వచ్చేసరికి నడవ గోడకు మేకు ఒక్కటే మిగిలింది. మా అమ్మ మిషనరీ బడిలో గళ్ల గుడ్డ మీద కుట్టిన అక్షరమాల ఫ్రేముతో సహా లేదు. ఇంట్లో ఉన్నది నువ్వు, నీ స్నేహితురాలు మహమూదా. ఆ పిల్ల ముందురోజే దానికి ఫోటోలు తీసింది. “అవ్వా, మేం వీడియో గేముకు చేస్తాండే చదరాల అక్షరాలు అచ్చం ఇట్లే ఉంటాయి. అమ్ముతావా?” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గుడ్డ యాడుంది?

నీ అవ్వ,
సువార్తమ్మ

ప్రొద్దుటూరు

ప్రియమైన అవ్వకు,

వందనాలు. మహమూదా ఎగతాళికి అనింది. అట్లాంటి పిల్ల కాదు. మేం ఫోటోలే తీసుకున్నాం. గుడ్డ సంగతి మాకేం తెలుసు? బీరువా వెనక పడిందేమో చూడు.

ఫోటోలు చూసి గీసిన అక్షరాల ఫాంటు ప్రింటు తీసి పంపుతాండా. పాత వీడియో గేముల మాదిరి, ప్రతి అక్షరమూ చిన్న చదరాలతోనే. కోపం తగ్గిందా?

నీ సుస్మి

జమ్మలమడుగు

సుస్మితకు,

ఈసారి ‘ప్రియమైన’ లేదు, గమనించు.

నీ కాగితం అద్దాలు పెట్టుకుని చూశాను. చదరాలు సరిగ్గా ఉన్నాయి, నీ మాటే సరిగ్గా లేదు. మా అమ్మ ‘ళ’ను ఎర్రదారంతో కుట్టింది. కిటికీ ఎండకు అది ఎప్పుడో వెలిసిపోయింది. ముందువైపు ఏ ఫోటోలోనూ కనపడదు. వెనకవైపే రంగు నిలిచింది. ఊహించి గీశామంటావేమో. ఆ ‘ళ’ వంపులో అమ్మ ఒక కుట్టు మరిచిపోయింది. నీ ‘ళ’లోనూ అక్కడే ఒక చదరం ఖాళీ!

ఫ్రేము విప్పింది మీరే. శనివారంలోగా గుడ్డ రాకపోతే స్టేషనులో ఇద్దరి పేర్లూ రాసిస్తాను.

సువార్తమ్మ

ప్రొద్దుటూరు

ప్రియమైన అవ్వకు,

తప్పయింది. ‘ళ’ కోసమే ఫ్రేము దించినాం. అట్ట తీస్తే లోపలంతా చెదలు. మా చేతుల్లోనే ఒక వరుస పొడి అయి రాలింది, ‘ట’ నుంచి ‘ణ’ దాకా. నీకు చెప్పాలంటే శానా భయమేసింది. మిగిలింది దక్కించాలని మహమూదా వాళ్లమ్మ మైమూన్ దగ్గర పెట్టినాం. ఆమె జరీ పని చేస్తుంది. దులిపి, వెనక కొత్త గుడ్డ వేసి కుడతాంది. శనివారం తెస్తాం. మహమూదాను మాత్రం ఏమీ అనొద్దు. నీకు చెప్పేద్దామని తనే రోజూ పోరుతాండె. వద్దన్నది నేనే.

నీ సుస్మి

జమ్మలమడుగు

ప్రియమైన సుస్మితకు, ప్రియమైన మహమూదాకు,

ఇద్దరూ రండి. ఓళిగలు చేస్తాను. అబద్ధం సంగతి తిన్నాక మాట్లాడతాను.

రాలిపోయిన వరుస ఇప్పుడు మీ ఫోటోల్లో, ఫాంటులో తప్ప ఎక్కడా లేదు. ఆ ఫోటోలు తీసినందుకే మహమూదాను అనుమానించాను. ఆ వరుసను పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి తెండి. చదరానికొక కుట్టు లెక్కన నేనే మళ్లీ కుడతాను. సూదికి దారం మహమూదా ఎక్కించాలి, నాకు కళ్లు ఆనవు.

‘ళ’ను నేను ముట్టుకోను. మీరు కూడా ఆ ఖాళీ చదరం పూడ్చొద్దు.

మీ అవ్వ,
సువార్తమ్మ