ఆ రెండేళ్ల ఖాళీ

వినయన్నా,

దేవుని దయవల్ల ఒంట్లో బాగానే ఉన్నాను. నీ ఫోన్ ఎప్పుడూ అమ్మ చేతిలోనే ఉంటుంది గనుక వనపర్తిలో నీ టైలర్ కొట్టుకు ఈ కార్డు రాస్తున్నాను.

హైదరాబాదులో ఆ కంపెనీ ఉద్యోగం కూడా రాలేదు. నాలుగు రౌండ్లు దాటాక వద్దన్నారు. చివరి ఇంటర్వ్యూ చేసిన సారుది మన వైపు ఊరే, ఉప్పునుంతల. నిన్న ఆయనే ఫోన్ చేశాడు.

"నువ్వు రాసిన ప్రోగ్రాం నడిపి చూసిన చెల్లె, మంచిగున్నది. కానీ బయోడేటల రెండేళ్లు ఖాళీ ఉన్నయని పైవాళ్లు పక్కకు పెట్టిండ్రు" అన్నాడు.

ఆ రెండేళ్లు నేను అమ్మను దవాఖానల చుట్టూ తిప్పినవే కదా.

"సార్, ఒక్క వారం మీ పని నాకియ్యుండ్రి. చేసింది చూసి చెప్పుండ్రి" అన్నాను.

"నేను గదే అడిగిన. వింటలేరు" అని ఫోన్ పెట్టేశాడు.

ఎన్ని కంపెనీలో లెక్క తప్పింది. ఇంకో అప్లికేషన్ నింపుదామంటే చేయి ఆడటం లేదు. అమ్మ అడిగితే ఇంకా పిలవలేదని చెప్పు. కారణం తెలిస్తే తన రోగమే నా నోటికాడి కూడు తీసిందనుకుంటుంది. మళ్లీ ఆమెకు అట్లా అయితే మళ్లీ అన్నీ వదిలి వస్తాను, అందులో మార్పు లేదు.

మాత్రలు అన్నం తిన్నాకే వేసుకుంటుందా? పల్లి చేను పీకడం అయిందా? ఇక్కడ చలిగా ఉంది, నా స్వెట్టర్ పంపు.

వదినకు, పాపకు ప్రభువు తోడుండాలి. చదివాక ఈ కార్డు చింపెయ్యి అన్నా.

నీ చెల్లెలు,
రెబెకా