బైబిల్లో ఐడీ కార్డు

జులై 7, సోమవారం
రాయ్‌పూర్ నుంచి సార్ ఫోన్. "కరుణాజీ, ప్రాజెక్ట్ ఖతమ్. స్టూడియో తాళం ఓనర్‌కి ఇచ్చేయండి." అంతే, పెట్టేశాడు. గీదంలో రెండు గదులు, గోడలకి స్పాంజి, ఒక మైకు... మలేరియా మీద గోండీ, హల్బీ, దోర్లీ భాషల్లో బొమ్మల సినిమాలన్నీ అక్కడే చేశాం. బొమ్మలన్నీ నావే.

నా ఉద్యోగం ఆర్డరు తీసి చూశాను. పదకొండు నెలలు — మొదటి పేజీలోనే ఉంది. మూడుసార్లు ఇచ్చారు, నాలుగోసారీ ఇస్తారనుకున్నా. చదవక కాదు. చదివే అనుకున్నా.

జులై 8
తొమ్మిదింటికి టిఫిన్ బాక్సుతో బయల్దేరాను. మెడలో కార్డు కూడా. గుమ్మంలో నాన్న — "బేగి వెళ్ళమ్మా, డ్యూటీకి లేటైపోద్ది."
వెళ్ళాను. బస్టాండుకి. ఒంటిగంటకి అక్కడే బాక్సు విప్పి తిన్నాను. సిగ్గులేని ఆకలి.

జులై 9
మళ్ళీ బస్టాండే. టీ కొట్టాయన "ఛుట్టీ హై క్యా మేడమ్?" అన్నాడు, సెలవా అని. రేపు రైల్వే స్టేషన్లో కూర్చుందామంటే అక్కడ నాన్నని ఎరగనివాళ్ళు లేరు.

జులై 11
ప్రార్థనకి నాన్న బైబిల్ తెరవగానే జిరాక్స్ జారి పడింది. నా ఐడీ కార్డుది.

రైలు పట్టాల మీద బతుకంతా పనిచేసిన మనిషి. తన ఉద్యోగం కన్ఫర్మేషన్ కాగితం ఇప్పటికీ అందులోనే, కీర్తనల దగ్గర. మా రైల్వే వాళ్ళలో ఎవరి ఉద్యోగం పక్కా అయినా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతారు, మేకని కోస్తారు, ఉద్యోగం వచ్చినవాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు. కిందటి ఆగస్టులో మూడోసారి ఆర్డరు రాగానే నాకూ పెట్టాడు. "కాపీ ఇయ్యమ్మా, బైబిల్లో పెడదాం." ఆర్డరిస్తే పదకొండు నెలలు కనబడతాయి. కార్డు జిరాక్స్ ఇచ్చాను. కళ్ళకద్దుకున్నాడు.

ఆ తర్వాత అందరి ముందూ లేచి, "దేవుడు నన్ను పర్మనెంట్ చేశాడు" అన్నాను. స్తోత్రం, స్తోత్రం అన్నారు. రికార్డింగుకి వచ్చి మా ఇంట్లో ఉన్న ఎర్రమ్మ అందరికంటే గట్టిగా అంది.

జులై 14, సోమవారం
దోర్నపాల్ నుంచి ఎర్రమ్మ ఫోన్. మా సినిమాల్లో దోర్లీ ముసలమ్మ గొంతు ఆమెదే. రికార్డింగులున్నప్పుడు వచ్చి మా ఇంట్లోనే ఉండేది. ఊళ్ళో అంగన్‌వాడీ సహాయిక పని ఉండేది, దసరా తర్వాత రాజీనామా ఇచ్చింది.
ఇమ్మన్నది నేను. "నీదీ నాలాగే పర్మనెంట్ అవుతుంది" అన్నాను. ఆ మాట సార్ అనలేదు, ఎవరూ అనలేదు. ఒకరికి ఉద్యోగం ఇప్పించేంత దాన్నయ్యానని ముచ్చటేసింది, అంతే.

ఇవాళ నవ్వుతూ చెబుతోంది — "నా జాగల ఇంకొకర్ని తీసుకుంటున్నరంట అక్కా. శుక్రవారం నాలుగింటి దాకా ఫారాలు. మళ్ల ఏస్తవా అని సర్పంచ్ అడిగిండు. నాకెందుకు, మా అక్క ఉంది గదా అన్న."
అప్పుడే చెప్పాల్సింది.
"రికార్డింగ్ ఎప్పుడక్కా?"
"వానలు తగ్గనీ" అన్నాను. నా మీద నాకే అసహ్యం.

జులై 16
మూడుసార్లు నంబరు నొక్కాను. మూడుసార్లూ కట్ చేశాను.

జులై 17
నాన్నకి చెప్పేశాను. బీరకాయ చెక్కు తీస్తున్నాడు. కాయ మొత్తం చెక్కేశాడు. తిడతాడనుకున్నా.
"ఆ పిల్లకి సెప్పీసేవా?" అన్నాడు.
లేదన్నాను. బైబిల్లోంచి జిరాక్స్ తియ్యమంటే వినిపించుకోలేదు.
ఎర్రమ్మకి ఫోన్ చేశాను. రేపు వస్తున్నా... అంతవరకే చెప్పగలిగాను.

జులై 18, శుక్రవారం. దోర్నపాల్
పొద్దున మొదటి బస్సు. సుక్మా దాకా మాటలు కూర్చుకుంటూనే వచ్చాను. దోర్నపాల్‌లో దిగగానే ఒక్కటీ గుర్తు లేదు. ఎర్రమ్మ మంచి చీర కట్టుకుని నిలబడి ఉంది. ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ అత్తకి చూపించింది — "మా మేడమ్. నాది పక్కా చెయ్యనీకి గింత దూరం ఒచ్చింది." ఆ ముసలామె కాళ్ళు కడుక్కోమని చెంబు అందించింది. కడుక్కున్నాను.

ఇప్పుడు రెండున్నర. ఫారాలు నాలుగింటి దాకే. అంగన్‌వాడీ ఆఫీసు నడిచేంత దూరమేనట. ఫారం ఒక్క పేజీ. నోరు తెరిచినప్పుడల్లా "ముందుగాల తిను అక్కా" అంటోంది. ఆ మాట పట్టుకుని నేనూ ఆగిపోతున్నాను. అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను, పనిలో ఉన్నట్టు.

వాకిట్లో ఎర్రమ్మ కోడి వెనక పరిగెడుతోంది. నా కోసమే. గుడ్లు పెట్టే పెట్ట. వద్దంటే ఎందుకో చెప్పాలి.

"అక్కా! రాసుడు ఆపి అటు అడ్డం నిలబడు, తప్పించుకుంటది!"