దేశం లెక్కలో మనిద్దరం

మంగా,

నువ్వు వెళ్ళి నేటికి ఏడాది. పొద్దున్నే కొబ్బరి పరిశోధన కేంద్రం నుంచి ఒకమ్మాయి వచ్చింది. దేశంలో పరిశోధన పని చేసేవాళ్ళు ఎంతమందో లెక్కేస్తున్నారట. మన తోటలో వాళ్ళు ఎర్రరంగు పూసి పరీక్షకు పెట్టుకున్న చెట్లున్నాయిగా, వాటి పని చూసేవాళ్ళూ ఆ లెక్కలోకి వస్తారంది.

“పోయినేడాది చేసింది మీరొక్కరేనా, బాబాయ్ గారూ?”

ఆ చెట్లివ్వడానికి నేను వెనకాడితే ఒప్పుకున్నది నువ్వు. చెట్లెక్కి కాయల దింపు తీసిన ప్రతిసారీ ఏ చెట్టు కాయలు ఆ చెట్టు కిందే ఉండేలా కాపలా కాసిందీ నువ్వే. “ఒరేయ్ సత్తిబాబూ, కాయలు కలిపేవంటే నీకు టీ లేదు!” అని దింపు తీసేవాడి మీద కేకలేసేదానివి. నేను పక్కన కూర్చుని ఏ చెట్టుకెన్ని కాయలో రాసుకునేవాణ్ణి, అంతే.

“ఇద్దరం అండీ. మా ఆవిడ వేసవి దింపు దాకా చేసింది. తర్వాత పోయింది” అన్నాను.

ఆ పిల్ల “చేసినంత కాలం లెక్కేనండీ” అని ఇద్దరని వేసుకుంది.

నీ పుణ్యమా అని నేనూ ఆ లెక్కలో చేరాను. నీ పేరు చెప్పబోతే, “పేర్లు అక్కర్లేదండీ, ఎంతమందో చాలు” అంది.

అయినా చెప్పాను.